ఆనపకాయ నాడి

పాటు 218

మునక పుస్తకంలో మునకల సంగతే రాయాలి, ఇంటి గొడవలు రాయకూడదు అనేవాడు మా నాన్న. ఇవాళ రాయడానికి మునక లేదు. కాబట్టి గొడవే రాస్తున్నాను.

పొద్దున పాటుకి సముద్రం వెనక్కి పోయి నీళ్ళు తగ్గాయి, పడవ విప్పుతున్నాను. అంతలో మునక ఆఫీసు లాంచీ వచ్చి మేం కాపురముంటున్న తేలే పంటు గోడకి ఒక కాగితం అంటించి పోయింది. వచ్చే పున్నమి నుంచి చేతికి స్మార్ట్ వాచీ లేనివాడు నీళ్ళలో దిగకూడదట. వాచీ మునిగేవాడి చేతికి ఉండాలి, దాని జోడీ ఫోను పడవలో ఉండాలి. మునిగేవాడి నాడి ఫోనులో కనపడాలి, అక్కణ్ణుంచి ఆఫీసుకి చేరాలి. కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో ముక్క ఉంది: "తాడు పట్టే మనిషి ఇకపై ఐచ్ఛికం."

ఆ ఐచ్ఛికాన్ని నేనే. పేరు ఎల్లాజీ. మా బావ కొండబాబు మునుగుతాడు, నేను పైన తాడు పట్టుకుంటాను. పంతొమ్మిదేళ్ళుగా ఇదే పని. మా పడవ కింద దిగువూరు ఉంది. మా తాతలు కాలినడకన తిరిగిన ఊరు. ఇప్పుడు దాని వీధుల మీద ఎనిమిది నిలువుల నీళ్ళున్నాయి. ఆ మేడల్లోంచి రాగితీగ, ఇత్తడి కుళాయిలు, లిఫ్టు మోటార్లు పైకి తెచ్చి గట్టు మీది వాళ్ళకిచ్చి బతుకుతాం. నేనే మునగొచ్చు కదా అంటారేమో, నా చెవి చిన్నప్పుడే పగిలింది. రెండు నిలువులు దిగితే కళ్ళు తిరుగుతాయి.

మా పంట్ల మీద ఒక కట్టుబాటు ఉంది. మునిగేవాడి తాడు అతని బావమరిదే పట్టాలి. అన్నదమ్ములు పట్టకూడదు, వాటాల పేచీలుంటాయి. స్నేహితుడు పట్టకూడదు, స్నేహాలు ఎన్ని చూడలేదు. బావమరిది అయితే అక్క బొట్టు కోసం చచ్చినట్టు లాగుతాడు. పెళ్ళాం మాత్రం అసలు పట్టకూడదట. ఆడమనిషి భయపడి ముందే లాగేస్తుందనీ, రాగి కిందే ఉండిపోతుందనీ పెద్దవాళ్ళు చెబుతారు. పెళ్ళినాడు తాళి కట్టగానే పెళ్ళికొడుకు ఎడమ మణికట్టు చుట్టూ బావమరిది ముడి పచ్చబొట్టు పొడుస్తారు. ఒక్కో ఇంటి ముడి ఒక్కో రకం. ఆ బొట్టు మీదే తాడు కడతారు. శవం ఎక్కడో తేలితే ఎవరి తాడుదో తెలియాలి కదా. బావ చేతికి నా ముడి ఉంది, నాలుగు వేళ్ళ వెడల్పున, చిక్కటి నలుపులో.

కాగితం చదివి వినిపిస్తే అక్క కాసులమ్మ అడిగింది.

"ఐచ్ఛికం అంటే ఏంట్రా?"

"ఉంటే ఉండొచ్చు, పోతే పోవచ్చు అని."

"అలాగైతే మీ బావ కూడా ఐచ్ఛికమే వాళ్ళకి" అంది, చేపలు తిరగేస్తూ.

పాటు 219

గట్టు మీద శ్రీపతిగారి వాచీల కొట్టుకి వెళ్ళాను. ముసలాయన మాటకారి. నేను అద్దాల బల్లలోకి తొంగి చూస్తుంటే, "అటు చూడకు, ముందు నీ ఫోను ఇటియ్యి" అన్నాడు.

"వాచీ కొనడానికొస్తే ఫోనెందుకండీ?"

"సంబంధం చూసినట్టేనయ్యా ఇది. పిల్ల బాగుంటే చాలదు, ఇంటికి సరిపడాలి. ముందు ఫోను చూడాలి, తర్వాత బతుకు చూడాలి, అందం ఆఖర్న చూడాలి. అందరూ తిరగేసి చూస్తారు. నెల్లాళ్ళకి మళ్ళీ నా దగ్గరికే వస్తారు."

మా ఫోను అమ్మ వాడింది. ఒక మూల పగిలింది, మిగతాదంతా బాగానే ఉంది. బంగారు రంగు గుండ్రటి వాచీ ఒకటి నాకు నచ్చింది. మా ఫోనుకి అది అసలు కనపడనే లేదు. "కనపడినా నీకొద్దు. ఇది రోజుకి పదివేల అడుగులు నడవమంటుంది. నీ పంటు మీద నడిస్తే పదో అడుగుకి నీళ్ళలో ఉంటావు. పైగా రోజూ ఛార్జింగ్ పెట్టాలి" అన్నాడు. మాకున్న ఒక్క సౌరపలక ఫోనుకీ లాంతరుకీ బొటాబొటిగా సరిపోతుంది. రెండోది సన్నటి పట్టీ. చెమటకీ వానకీ ఆగుతుంది గానీ లోతుకి ఆగదట. మూడోది నల్లగా, దళసరిగా, ఎడ్లబండి చక్రంలా ఉంది. ముప్పై నిలువుల లోతుకైనా తట్టుకుంటుంది, ఒకసారి ఛార్జింగ్ పెడితే తొమ్మిది రోజులొస్తుంది. మా ఫోనుతో కలిసింది. నీళ్ళలోంచి అంకె పైకి రావడానికి దానితో పాటు ఒక బెండు కూడా ఇస్తారు, పడవ పక్కన తేలుతూ ఉంటుంది.

"ఇదివ్వండి" అన్నాను.

"వేసుకునే మనిషిని తీసుకురాలేదా?"

"మా పద్ధతి అది కాదండీ. తాడైనా, సీసపు గుండైనా పట్టేవాడే కొనాలి, ముందు తన ఒంటి మీద కట్టుకుని చూడాలి. తెగేదైతే నా దగ్గరే తెగాలి."

"పద్ధతి మంచిదే. అయినా చెయ్యి చెయ్యికీ తేడా ఉంటుందయ్యా."

నేను వినిపించుకోలేదు. వాచీ నా చేతికి కట్టుకుని బాల్చీ నీళ్ళలో ముంచాను. ఎనభై ఎనిమిది చూపించింది. కొట్టు చుట్టూ నాలుగు చుట్లు పరిగెత్తాను, నూట నాలుగు. కాసేపు కూర్చున్నాను, ఎనభై ఐదు. నా పెళ్ళిచూపుల్లో కూడా ఇంత జాగ్రత్త పడలేదు. రెండు చుట్టల రాగితీగ ఇచ్చి తెచ్చేశాను.

పాటు 220

బావ చేతికి వాచీ పెట్టాం. మొదట అంకె బదులు గీతలు కనపడ్డాయి. పట్టీ ఇంకో బొక్క బిగించాను. పచ్చ దీపం రెండుసార్లు మిణుకుమంది, అరవై నాలుగు వచ్చింది.

"చూశావా, నా గుండె నీ గుండెలా గంతులెయ్యదు" అన్నాడు బావ.

ఆఫీసు కాగితం ప్రకారం వాచీ ఎడమ చేతికే ఉండాలి. కుడి చేతిలో గడ్డపార ఉంటుంది కదా, గోడలకి తగులుతుందని. మరి ఎడమ మణికట్టు తాడు జాగా. పంతొమ్మిదేళ్ళ తర్వాత తాడు తీసి బావ నడుముకి కట్టాను. నడుము తాడు నాకేం చెబుతుందో అర్థం కావడం లేదు. మణికట్టు తాడైతే బావ చిటికెన వేలు కదిపినా నా అరచేతికి తెలిసేది.

పాటు 222

నాలుగు మునకలు, మూడు కుళాయిలు, పన్నెండు మూరల తీగ.

మా లెక్క ఇది. బావ దిగగానే నేను నా శ్వాసలు లెక్కపెడతాను. ఇరవై అయ్యేసరికి కింద నుంచి తాడు మీద ఒక లాగు రావాలి, బాగున్నానని. రాకపోతే ఇంకేం ఆలోచించకుండా లాగెయ్యాలి. నాన్న నేర్పిన లెక్క. ఇవాళ నాలుగుసార్లూ ఇరవైకి లాగు వచ్చింది. నాలుగుసార్లూ ఫోనులో అరవై నాలుగే ఉంది.

మధ్యాహ్నం బావా అక్కా పోట్లాడుకున్నారు, ఉప్పు జాడీ మూత పెట్టలేదని. బావ గొంతు పక్క పంటు దాకా వినపడింది. అక్క ఫోను తీసి చూసింది.

"ఇంత అరిచినా అరవై నాలుగేనా? నాతో పోట్లాడితే నీ గుండె కూడా కొట్టుకోదా? అంత లెక్కలేదా నేను?"

బావకి నవ్వొచ్చింది. నాకూ వచ్చింది. అక్కకి రాలేదు.

పాటు 224

మునక ఆఫీసు నుంచి వసుంధర మేడమ్ వచ్చింది. మంచి మనిషే. చేతిలో కంప్యూటరు పలక చూసుకుంటూ, "కొండబాబుగారూ, మొత్తం పంట్లలో మీ నాడే నిలకడగా ఉంది. నలభై ఆరేళ్ళ మనిషికి ఇలా ఉండటం గొప్ప" అంది. ఏడంతస్తుల మేడకి పర్మిట్ ఇచ్చింది. నేలమాళిగలో ఉన్న దాని లిఫ్టు గదిలో ఎంత రాగి ఉందో మా పంట్ల మీద అందరూ కలలు కనేవాళ్ళే. ఆ పర్మిట్ ఉన్న పంటుకి మంచినీళ్ళ పడవ రోజు విడిచి రోజు వస్తుంది. మాలాంటి చిన్న పర్మిట్ వాళ్ళకి వారానికి ఒకసారి, పర్మిట్ లేని వాళ్ళకి అసలు రాదు.

వెళ్తూ నా వంక చూసి, "ఇంకా తాడు పట్టుకుంటున్నారా?" అని అడిగింది. "సరదాకండీ" అన్నాను.

పాటు 225

అక్క ఆనపకాయ కోయబోతూ ఆగింది. "ఆ వాచీ ఓసారి ఇటియ్యి" అంది. ఆనపకాయ మెడ దగ్గర పట్టీ బిగించింది. గీతలొచ్చాయి. పచ్చ దీపం రెండుసార్లు మిణుకుమంది.

అరవై నాలుగు.

"నిలకడైన నాడి" అన్నాడు బావ. "మేడమ్‌ని పిలవండి, దీనికీ పర్మిట్ ఇస్తుంది."

ముగ్గురం కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వుకున్నాం. నవ్వు ఆగాక ఎవరం ఎవరి మొహం చూసుకోలేదు. అక్క ఆ ఆనపకాయ కొయ్యకుండా పక్కన పెట్టేసింది.

పాటు 226

ఈసారి బావని వెంటపెట్టుకుని శ్రీపతిగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన బావ మణికట్టు చూడగానే కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఈ చెయ్యి అప్పుడే తెచ్చుంటే పోయేది కదయ్యా. వాచీ వెనక పచ్చ దీపం చర్మంలోంచి నెత్తురు చూస్తుంది. నువ్వేమో దానికీ నెత్తురుకీ మధ్య ఇంత దట్టంగా పచ్చబొట్టు అడ్డం పెట్టావు. దానికేం కనపడుద్ది?"

"కనపడకపోతే ఖాళీ చూపించాలి కదండీ. అరవై నాలుగెక్కడిది?"

"ఖాళీ చూపిస్తే పాడైందని జనం తిరిగి తెచ్చేస్తారు. అందుకని చేసేవాళ్ళు ఖాళీ వచ్చిన చోట మామూలు మనిషి అంకె నింపుతారు. కాసేపాగితే చెయ్యి దొరుకుద్దిలే అని."

నా చేతికి పచ్చబొట్టు లేదు. తాడు పట్టేవాడికి పొడవరు. నా ఒంటి మీద చూసుకుని బావకి తెచ్చాను. పద్ధతి ప్రకారమే చేశాను. ఇలాంటి తప్పు చెయ్యడం మా పంట్లవాళ్ళకే చేతనవుతుంది.

శ్రీపతిగారు వాచీని బావ కుడి చేతికి పెట్టాడు. నూట పన్నెండు. తర్వాత తొంభై ఏడు. తర్వాత నూట ఇరవై ఒకటి. మనిషి కుర్చీలో కదలకుండా కూర్చునే ఉన్నాడు. ఆయన వాచీ విప్పేసి, "ముందు డాక్టరుకి చూపించండి" అన్నాడు మెల్లగా.

తిరుగు పడవలో సగం దూరం వచ్చాక బావ అడిగాడు.

"ఈ అంకె ఆఫీసుకెళ్తే పర్మిట్ ఉంటుందంటావా?"

"ఉండదు."

"ఆనపకాయ అంకెకి ఉంది కదా. ఉండనీరా. మీ అక్కకి చెప్పకు."

"బావా, డాక్టరు..."

"ఆ మేడలో ఓ నాలుగు మోటార్లు తీద్దాం. ఏడాదికి సరిపడా నీళ్ళొస్తాయి. అప్పుడు చూపించుకుంటా."

నేను సరే అన్నాను. బావ బలవంతం మీద ఒప్పుకున్నానని రాస్తే అబద్ధం అవుతుంది. రోజు విడిచి రోజు వచ్చే మంచినీళ్ళ పడవ నాకూ కళ్ళముందు ఆడింది. ఇక్కడ నిజం రాస్తున్నాను, ఎందుకంటే మునక పుస్తకం ఆడవాళ్ళు ముట్టరు.

పాటు 230

ఇవాళ్టిది ఇవాళే రాయాలి.

ఏడంతస్తుల మేడ. మూడో మునక. లిఫ్టు గది. బావ దిగాడు, నేను లెక్క మొదలుపెట్టాను. ఫోను నా మోకాలి మీద ఉంది. ఇరవై అయింది. లాగు రాలేదు.

లాగెయ్యాలి. చేతులు తాడు మీదే ఉన్నాయి. కళ్ళు ఫోను మీదికి వెళ్ళాయి. అరవై నాలుగు. పచ్చగా, ప్రశాంతంగా ఉంది. మోటారు ఊడబీకుతూ మర్చిపోయి ఉంటాడులే అనుకున్నాను. ఆ అంకె ఆనపకాయదని నాకు తెలుసు. తెలిసి తెలిసీ దాని మొహం చూశాను. ఇరవై రెండు. ఇరవై ఐదు. నడుము తాడు ఏమీ చెప్పదు, ఒట్టి బరువు. ఇరవై తొమ్మిది. ముప్పై ఒకటికి లాగాను.

బావ మొహం నేరేడు పండు రంగులో పైకొచ్చింది. నోటి వెంట నురగ. పడవలో బోర్లా పడుకోబెట్టి వీపు నొక్కాను, ఊపిరి ఊదాను, తిట్టాను, మళ్ళీ ఊదాను. ఎంతసేపటికో దగ్గాడు. ఫోను పడవ అడుగున నీళ్ళలో పడి ఉంది. అందులో అప్పుడు కూడా అరవై నాలుగే.

పాటు 233

గట్టు మీద డాక్టరు చూశాడు. గుండె లయ తప్పిందట, చాలాకాలంగానే. ఎడమ చేతి వేళ్ళు మొద్దుబారాయి. మాట వస్తోంది గానీ ముందు ఆలోచించుకుని తర్వాత పలుకుతున్నాడు. అక్కని పేరు పెట్టి పిలవడానికి మొన్న చాలాసేపు పట్టింది. అక్క ఎదురుగా నిలబడి, ఆ పేరు తనది కానట్టు ఓపిగ్గా వింది.

మునక ఆఫీసుకి వెళ్ళాను, ఆనపకాయ కూడా పట్టుకుని. అందరి చేతులకీ బొట్లున్నాయి, చిక్కటి బొట్టున్న వాళ్ళవన్నీ దొంగ అంకెలే అని చెప్పాను. వసుంధర మేడమ్ ఆనపకాయని చూసింది, పలకని చూసింది. ఆమె మొహం పాలిపోయింది. అయినా, "ఎల్లాజీగారూ, అంకె రావడం లేదు అనే ఫిర్యాదుకి ఇందులో గడి ఉంది. అంకె వస్తోంది అనే ఫిర్యాదుకి గడి లేదు. పైకి రాస్తాను" అంది.

"మా బావకి జరిగింది?"

"రికార్డులో ఏమీ జరగలేదండి. ఆ పాటంతా అరవై నాలుగే ఉంది. మీ పర్మిట్ అలాగే ఉంది."

పాటు 234

ఇవాళ గట్టు నుంచి ఇంటికొచ్చేసరికి అక్క ఒళ్ళో మునక పుస్తకం ఉంది. రెండువందల ఇరవై ఆరో పాటు పేజీ దగ్గర వేలు పెట్టుకుని కూర్చుంది.

"ఇరవైకి లాగు రాలేదు."

"రాలేదు."

"ముప్పై ఒకటి దాకా ఏం చేశావురా?"

"ఫోను చూశాను."

"ఆనపకాయ సంగతి తెలిసి కూడానా?"

"తెలిసి కూడా."

"ఆయన గుండె సంగతి కూడా తెలిసే."

తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది. అక్క పుస్తకం మూసి జాగ్రత్తగా గూట్లో పెట్టి వంట చెయ్యడానికి లేచింది. నా బతుకులో ఇంత సిగ్గుపడింది లేదు.

పాటు 241

మంచినీళ్ళ డ్రమ్ములో అడుగు కనపడుతోంది. పర్మిట్ ఉన్నా మునక చూపించకపోతే మంచినీళ్ళ పడవ రాదు. డాక్టరు మూడు నిలువులు దాటొద్దన్నాడు. మూడు నిలువుల్లో వీధిదీపాల తలకాయలుంటాయి, వాటిల్లో కాస్త తీగ ఉంటుంది. బావ వెళ్తానన్నాడు. వద్దని నేనన్నాను. నీళ్ళెలా మరి అని బావ అడిగాడు, ఒక్కో మాట వెతుక్కుంటూ.

పాటుకి పడవ విప్పాను. అక్క వచ్చి ఎక్కింది. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని తాడు చుట్ట ముందు కూర్చుంది. పక్క పంటు మీది ముసలాళ్ళు లేచి నిలబడ్డారు.

"అమ్మాయ్, పెళ్ళాం పట్టకూడదు" అని అరిచాడు ఒకాయన. "తొందరపడి లాగేస్తారు మీరు."

"ఆ తొందరే కావాలి బాబాయ్ నాకు" అంది అక్క, తలెత్తకుండా.

బావ ఎడమ చేతికున్న వాచీ విప్పింది. ఆ మణికట్టు మీద, నా ముడి మీద, తాడు మళ్ళీ కట్టింది. వాచీ తీసి, ఇంటి నుంచి తెచ్చిన ఆనపకాయకి బిగించి, పడవ మూల పెట్టింది. ఆ కాయ వడలి ముడతలు పడింది. ఫోను నా చేతిలో పెట్టి, "నువ్వు దీన్ని చూడు. నీకు అలవాటే కదా" అంది. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

బావ దిగాడు. నేను లోపల లెక్కపెడుతున్నాను. అక్క పెదాలు కదలడం లేదు. కళ్ళు మూసుకుంది. తాడు అరచేతిలో కాదు, రెండు వేళ్ళ మధ్య పట్టుకుంది, దారం పట్టుకున్నట్టు.

ఏడు. ఎనిమిది. ఫోనులో అరవై నాలుగు.

తొమ్మిదికి అక్క లాగింది.

బావ తల నీళ్ళపైకి వచ్చింది. చేతిలో తీగ లేదు, ఏమీ లేదు. పడవ అంచు పట్టుకుని ఆయాసపడుతూ, మాటలు కూడదీసుకుని అన్నాడు:

"అప్పుడే... లాగావేమే? ఇంకా ఊపిరుంది."

"ఉండాలనే" అంది అక్క.